చెట్టు బెరడు మీద రాత

శ్రోతలకు నమస్కారం.

చెట్టు మాను మీద బూడిదరంగు మచ్చ కనిపిస్తే ఏదో తెగులు పట్టిందనుకుంటాం. నిజానికి అది చాలాసార్లు లైకెన్. చెట్టును పీల్చి బతకదు, బెరడు మీద కాస్త చోటు తీసుకుంటుందంతే. ఒక శిలీంధ్రమూ (బూజు, పుట్టగొడుగుల కోవకు చెందినది), ఒక శైవలమూ (నాచులాంటిది) కలిసి చేసే కాపురం అది. శైవలం ఎండలో తిండి తయారుచేస్తే, శిలీంధ్రం గూడు కట్టి తేమ నిలుపుతుంది. 1860లలో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి చెబితే ఆనాటి లైకెన్ నిపుణులు చాలామంది మండిపడ్డారు. ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. లైకెన్‌కు పెట్టే పేరు మాత్రం అందులోని శిలీంధ్రానిదే.

ఉష్ణమండల అడవుల్లో వీటి వైవిధ్యం చెప్పనలవి కాదు. మానును అంటిపెట్టుకున్న పెచ్చులాంటి రకాలే అక్కడ ఎక్కువ. బతికున్న ఆకుల మీద పెరిగేవీ ఉన్నాయి. ఆకు రాలిపోయేలోపు అవి పెరిగి, తమ సంతతిని పంపేయాలి!

నాకు బాగా ఇష్టమైనవి గ్రాఫిస్ ప్రజాతివి. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు. భూతద్దం పెట్టి చూడండి, తెల్లటి పూత మీద ఎవరో నల్ల సిరాతో గీతలు గీసినట్టుంటుంది. ఆ గీతల్లోనే సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సూక్ష్మకణాలు, తయారవుతాయి. గోటితో కాస్త గీరితే కొన్నిట్లో పసుపు, నారింజ ఛాయ బయటపడుతుంది. అది లోపలున్న ట్రెంటెపోలియా అనే శైవలం రంగు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక్క చుక్క వేస్తే, నార్‌స్టిక్టిక్ ఆమ్లం అనే లైకెన్ రసాయనం ఉన్న రకం ముందు పసుపు పచ్చగా మారి, చూస్తుండగానే ఎర్రబడుతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఈ రాతల లైకెన్లను పూర్వం సిద్ధబీజాలను బట్టే నాలుగు ప్రజాతులుగా విడదీశారు. బీజం రంగులేనిదా, గోధుమరంగుదా? లోపలి గదులు ఒకే వరుసలో ఉన్నాయా, ఇటుకల గోడలా ఉన్నాయా? లెక్క చక్కగా కుదిరింది. కానీ డీఎన్ఏ పరీక్షలు వచ్చాక అది చెదిరిపోయింది. ఒకే అరలో పెట్టినవి దూరపు చుట్టాలని, వేరే అరల్లోవి దగ్గరి బంధువులని తేలింది.

అంతకన్నా ఆశ్చర్యపరిచింది కోరా. మధ్య, దక్షిణ అమెరికా కొండల్లో విసనకర్రలా విచ్చుకునే లైకెన్ ఇది. ఎంతోకాలం దీన్ని ఒకే జాతి అనుకున్నారు. 2014లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం అందులో 126 జాతులు చూపించింది, మొత్తం 400 దాటవచ్చని అంచనా కట్టింది. ఒక్క పేరు రాసి దాచిన పాత నమూనాల కవర్లను ఇప్పుడు మళ్లీ తెరిచి చూడాల్సి వస్తోంది.