వెంపలి నూరి మడుగులో కలిపితే చేపకి ఊపిరి ఎక్కడ ఆగుతుంది?

అందరికీ నమస్తే, జయపురం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల ఆటోల మోత వినిపిస్తే సర్దుకోండి, ఇవాళ సంత.

చిన్నప్పుడు మేం ఒనకఢిల్లీలో ఉండేవాళ్లం. నాన్నది అక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పవర్‌హౌస్‌లో ఉద్యోగం. ఎండాకాలం వాగు మడుగులుగా మిగిలాక కొందరు వెంపలి మొక్కలు దంచి అందులో కలిపేవాళ్లు. కాసేపటికి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి కొట్టుకునేవి. "నీళ్లల్లో గాలైపోనాదిరా" అనేవాడు మా మావయ్య. మొన్నమొన్నటిదాకా నేనూ అదే నమ్మాను.

గాలి అయిపోలేదండీ! నీళ్లలో ఆక్సిజన్ ఉంది. చేప ఒంట్లో దాన్ని వాడుకునే చోట తలుపు పడింది. కణాల లోపల శక్తి తయారయ్యే ఆ చోటు పేరు మైటోకాండ్రియా. వెంపలి జాతి మొక్కల్లో రొటెనోన్, దానికి దగ్గరి చుట్టాల్లాంటి పదార్థాలు ఉంటాయి. అవి మొప్పల్లోంచి ఇట్టే లోపలికి పోతాయి.

పోయిన నెల మా మేనకోడలు పీహెచ్‌డీ చేస్తున్న ల్యాబ్‌కి వెళ్లా. కణాలు, కండ ముక్కలు ఎంత ఆక్సిజన్ తాగుతున్నాయో కొలవడమే అక్కడి పని. ఎలక కండలోంచి కొద్ది మిల్లీగ్రాముల ముక్క తీసి, ఐసు మీద పెట్టి, మైక్రోస్కోపు కింద సూదులతో పోగులు విడదీస్తోంది. మా అమ్మమ్మ మల్లెపూల దారం చిక్కు తీసినట్టే. తర్వాత సపోనిన్‌లో నానబెట్టింది. కుంకుడుకాయ నురగకి కారణం కూడా సపోనిన్లే. అది కణం పైపొరకి చిల్లులు పెడుతుంది, లోపలి మైటోకాండ్రియా జోలికి అంతగా పోదు.

ఆ పోగుల్ని రెండు మిల్లీలీటర్ల గాజు గదిలో, 37 డిగ్రీల దగ్గర, తిరుగుతున్న చిన్న పుల్ల పక్కన వేసింది. గాలి చొరకుండా మూత బిగించింది. స్క్రీన్ మీద నీలం గీత, అదే లోపలి ఆక్సిజన్. మైటోకాండ్రియాకి తిండిలాంటి పైరువేట్, మాలేట్ పోస్తే గీత బద్ధకంగా జారింది. సన్నటి సిరంజితో ఏడీపీ చుక్క వేయగానే బావిలో చేద వదిలినట్టు దిగింది. ఏడీపీ అనే ముడిసరుకు లోపల ఏటీపీ, అంటే కణాలు ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం, అవుతోందన్నమాట. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనిపెట్టాడు.

లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి నాకు మాచ్‌ఖండ్ కంటే మంచి బొమ్మ దొరకలేదు. జలాపుట్‌లో నీళ్లు కట్టి, కొండ మీంచి గొట్టాల్లో దించి టర్బైన్ తిప్పుతారు కదా. నాన్నతో వించ్‌లో దిగినప్పటి హోరు ఇంకా నా చెవుల్లో ఉంది. మైటోకాండ్రియా కూడా తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్ల బలంతో ప్రోటాన్లని పొరకి ఒక పక్కకి తోడిపోస్తుంది. అవి తిరిగొచ్చే దారిలో ఒక ప్రోటీన్ యంత్రం నిజంగానే గిర్రున తిరిగి ఏటీపీ చేస్తుంది. చివర్లో ఆ ఎలక్ట్రాన్లని పట్టుకుని నీరైపోయేదే మనం పీల్చే ఆక్సిజన్. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ మాటంటే చాలామంది నమ్మలేదు. నోబెల్ 1978లో వచ్చింది.

ఆ గాజు గదిలో ఒలిగోమైసిన్ అనే మందు వేస్తే ఏటీపీ చేసే ఆ టర్బైన్ బిగుసుకుంటుంది, గీత నెమ్మదిస్తుంది. ఎఫ్‌సీసీపీ అనే ఇంకో రసాయనం వేస్తే పొరకి పక్కన గండి పడుతుంది. నీళ్లన్నీ, అంటే ప్రోటాన్లన్నీ, ఊరికే పోతాయి, తోడే పని మాత్రం జోరందుకుంటుంది, గీత మళ్లీ దూకుతుంది. "మైటోకాండ్రియాకి బలం" అని ఆన్‌లైన్‌లో బిళ్లలు అమ్మేవాళ్లని ఈ గీత ఒకటి చూపించమని అడగాలనిపించింది.

తర్వాత రొటెనోన్. ఒక్క చుక్క. గీత దాదాపు అడ్డంగా పడుకుంది. అంటే ఆక్సిజన్ అక్కడే ఉంది, తాగేవాడు లేడు. నా చిన్నప్పటి మడుగు ఆ స్క్రీన్ మీద కనబడింది. అప్పుడు మేనకోడలు నవ్వి "ఉండు మావయ్యా" అని సక్సినేట్ అనే ఇంకో తిండి పోసింది. గీత మళ్లీ దిగడం మొదలైంది! ఎలక్ట్రాన్లు లోపలికొచ్చే తలుపుల్లో రొటెనోన్ మూసింది మొదటిదే. సక్సినేట్ ఎలక్ట్రాన్లు రెండో తలుపు గుండా వస్తాయి.

రొటెనోన్ గాజు గోడలకి అంటుకుపోతుందట. సరిగ్గా పోకపోతే తర్వాతి ప్రయోగం మొదలవకముందే చచ్చినట్టే. అందుకే సాయంత్రమంతా ఇథనాల్‌తో కడగడమే.

ఇంటికొచ్చి మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "సర్లేగానీ, చేపలైతే దొరికేయి కదేటి" అన్నాడు.