మాట పడిపోయిన జెకర్యా ఏం పాడాడు? ఆగమన కాలంలో దేవుని కనికరం

ప్రైజ్ ద లార్డ్ అండి అందరికీ. ఇంటి మీద స్టార్ కట్టేశారా? క్యారల్స్‌కి డేట్లు ఫిక్స్ అయిపోయుంటాయి, సెమీ క్రిస్మస్ పిలుపులు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి, ఈ హడావిడిలో మనం చూడకుండా దాటేసే కాలం ఒకటుంది, అదే ఆగమన కాలం, అడ్వెంట్. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ చర్చిల్లో పెరిగినవాళ్ళకి తెలుసు, నవంబర్ 30కి ఏ ఆదివారం దగ్గరైతే ఆ రోజు మొదలవుతుంది, క్రిస్మస్ లోపు నాలుగు ఆదివారాలు. లాటిన్‌లో అడ్వెంటుస్ అంటే రాకడ. యేసు బేత్లెహేముకి వచ్చిన రాకడ ఒకటి, మళ్ళీ రాబోయేది ఇంకొకటి, రెండిటి మధ్య ఉన్నాం మనం.

[స్క్రీన్ మీద: పచ్చని ఆకుల దండ, ఒక కొవ్వొత్తి వెలుగుతోంది]

ఈ కొవ్వొత్తుల దండ సంగతి చిన్నగా చెప్పేస్తాను. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల కోసం హోమ్ నడిపే విహెర్న్ అనే పాస్టర్‌గారు, క్రిస్మస్ ఎప్పుడొస్తుంది అని పిల్లలు ఊరికే అడుగుతుంటే ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారు, ఆదివారాలకి పెద్దవి, మామూలు రోజులకి చిన్నవి. అక్కడి నుంచి వచ్చిందే ఇది.

ఇప్పుడు అసలు విషయం. లూకా సువార్త మొదటి అధ్యాయం తీయండి. యేసు ఇంకా పుట్టలేదు, కానీ గ్రీకులో కనికరం అనే ఆ మాట, ఎలెయోస్, ఈ ఒక్క అధ్యాయంలోనే ఐదు సార్లు వస్తుంది. మరియ పాటలో రెండు సార్లు, జెకర్యా పాటలో రెండు సార్లు, మధ్యలో ఒకసారి, ముసలితనంలో బిడ్డని కన్న జెకర్యా భార్య ఎలీసబెతు ఇంటి పక్కవాళ్ళ దగ్గర, ప్రభువు ఈమె మీద ఎంత కనికరం చూపించాడో అని వాళ్ళు విని ఆమెతో కలిసి సంతోషించారు చూడండి, అక్కడ. నాకు ఐదిట్లో ఇదే ఎక్కువ ఇష్టం. పిల్లల్లేని ఆవిణ్ని సీమంతానికి పిలవాలా వద్దా అని గుసగుసలాడుకోవడం మన ఊళ్ళల్లో చూసినవాళ్ళకి, ఎలీసబెతు "నా నింద తీసేశాడు" అన్న మాట ఎంత లోపల్నుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు.

[స్క్రీన్ మీద: దేవాలయం, ధూపం పొగ]

జెకర్యా దేవాలయంలో సేవ చేసే యాజకుడు, యాజకుల గుంపుల్లో అబీయా తరగతివాడు. చీటి పడి ధూపం వేయడానికి లోపలికి వెళ్తే గబ్రియేలు దూత కనబడి నీ ప్రార్థన వినబడింది, కొడుకు పుడతాడు అన్నాడు. అప్పటికే ఇద్దరూ ముసలివాళ్ళు. బహుశా ఆ ప్రార్థన చేయడం ఆయన ఎప్పుడో మానేసుంటాడు అని నాకనిపిస్తుంది, అందుకే ఇది నేనెలా నమ్మేది అన్నట్టు అడిగాడు. మాట పడిపోయింది. బయట జనం ఎదురుచూస్తున్నారు, ఆయన చేతులతో సైగలు చేస్తున్నాడు.

మనం సండే స్కూల్లో ఇది శిక్ష అని నేర్చుకున్నాం, నిజమే, కానీ ఒక్కటి గమనించండి. ఆయన నమ్మలేదు, అయినా దేవుడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. నువ్వు నమ్మలేదు కాబట్టి నీకు కొడుకు లేడు పో అనలేదు. నోరు మూతపడింది గానీ వాగ్దానం ఆగలేదు, ఎలీసబెతు కడుపులో బిడ్డ నెలనెలా పెరుగుతూనే ఉన్నాడు, ఆయన మౌనంగా అది చూస్తూ ఉన్నాడు. నేను ఈ సీజన్‌లో పట్టుకుని ఉన్నది ఇదేనండి, మన నిరీక్షణ మన విశ్వాసం ఎంత గట్టిదీ అన్నదాని మీద నిలబడి లేదు, ఆయన కనికరం మీద నిలబడి ఉంది.

ఎనిమిదో రోజు సున్నతికి చుట్టాలందరూ వచ్చి తండ్రి పేరే పెడదాం అంటే ఆయన పలక అడిగి యోహాను అని రాశాడు, వెంటనే నోరు తెరుచుకుంది. ఇన్ని నెలల తర్వాత మాటొస్తే మనమైతే ఏం మాట్లాడతామో గానీ ఆయన పాట పాడాడు.

[స్క్రీన్ మీద మూడు పేర్లు: యోహాను, జెకర్యా, ఎలీసబెతు]

హీబ్రూలో యోహాను అంటే యెహోవా కరుణించాడు. జెకర్యా అంటే యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు. ఎలీసబెతు పేరుకి నా దేవుడే ప్రమాణం అని అర్థం చెప్తారు. ఇప్పుడు పాటలో 72, 73 వచనాలు చూడండి, పితరులను కరుణించడానికి, నిబంధనని జ్ఞాపకం చేసుకోడానికి, అబ్రాహాముతో చేసిన ప్రమాణం... కొడుకు పేరు, తన పేరు, భార్య పేరు వరసగా! ఇది మొదటిసారి చూసినప్పుడు నేను బైబిల్ మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు ఖాళీ ఊయల ముందు ఒకరినొకరు పిలుచుకున్న పేర్లలోనే దేవుడు మర్చిపోలేదు అన్న మాట ఉంది కదా.

పాట చివర్లో ఆయన వాడిన మాట అరుణోదయం. దేవుని మహా వాత్సల్యం వల్ల పైనుంచి మనకి తెల్లవారుతోంది అంటాడు, చీకట్లో కూర్చున్నవాళ్ళ కోసం. అరుణోదయం అంటే మిట్టమధ్యాహ్నం కాదండి, ఇంకా సగం చీకటే ఉంటుంది. ఆయన పాడే టైముకి హేరోదు ఇంకా సింహాసనం మీదే ఉన్నాడు, రోమా పెత్తనం పోలేదు, మరియ బిడ్డ ఇంకా కడుపులోనే ఉన్నాడు. మొదటి ఆదివారం నాలుగిట్లో ఒక్క కొవ్వొత్తే వెలిగిస్తాం కదా, మిగతా మూడూ ఇంకా వెలిగించకుండానే ఉంటాయి, ఆ సాయంత్రం దాని ముందు కూర్చుని 68 నుంచి 79 వరకు గట్టిగా, పిల్లల చేత కూడా చదివించండి.

వచ్చే వారం మరియ పాట చూద్దాం. వందనాలండి.