తిన్నవా తమ్మీ?

పెద్దలకు దండాలు. నిమజ్జనం నాడు కొట్లాటలు కావద్దని పోరగాండ్లకు నాలుగు మాటలు చెప్పుమని గణేశ్ కమిటీ వాళ్లు పిలిచిండ్రు. చెప్త. అంతకుముందు పెద్దోళ్లకు చెప్పేది ఉన్నది.

బ్యాచ్‌లల్ల తిరిగేటోళ్లను ఆవారాగాళ్లంటరు. నేను గసొంటి బ్యాచ్‌లనే పెరిగిన. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. సాగర్, శ్రీశైలం డ్యాములల్ల మనోళ్ల చెమట ఉన్నది. దసరా దాటంగనే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ చేతుల పెట్టేటోడు, అమ్మా బాపు బొంబాయి బస్సెక్కేటోళ్లు. మల్ల ఉగాదికే మొఖం చూసుడు. బాపు ఆ గుంపుల పోయిండు, నేను ఈ గుంపుల పడ్డ.

ఇంట్ల అవ్వ. ఆమెకు రేచీకటి, పొద్దుగూకంగనే పండుకునేది. చౌరస్తాల చాయ్ బండి కాడ ఒకన్న "తిన్నవా తమ్మీ?" అని అడిగిండు. తిన్ననన్న. నా మొఖం చూసి, తన పళ్లెంల సగమన్నం నా దిక్కు జరిపిండు. ఉన్న ఒక్క గుడ్డు నాకే ఇచ్చిండు. నలభై ఏండ్లాయె, ఇంకా యాదికున్నది. మరి బడిల? కొన్నొద్దులు రాలేదని పేరు కొట్టేసిండ్రు. ఎందుకు రాలేదని ఇంటికొచ్చి అడిగినోళ్లు లేరు. ఒక్కరు, ఒక్కరంటె ఒక్కరు రాలే! ఇది చెప్పనీకే ఇయ్యాల మైకు పట్టిన.

ఆ అన్న కోసమే రాయి కూడా పట్టిన. పక్క వాడోళ్లతోని లొల్లి, ఒకరి తల పగిలింది. పోలీసులు రాంగనే అన్న గోడ దూకిండు, నేను దొరికిన. తెల్లారి చూస్తే స్టేషన్ మెట్ల మీద అవ్వ. కొంగుల జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. రేచీకటి మనిషి, రాత్రంతా గోడలు తడుముకుంట వచ్చిందంట.

తమ్ముళ్లూ, ఇప్పుడు కాయిదా ఇంకా గట్టిది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 ఏండ్లు నిండినోని మీద ఘోరమైన కేసు పడితే, పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు పరిశీలించి, పెద్దోళ్ల లెక్క విచారణ చెయ్యనీకె కోర్టుకు పంపొచ్చు. గోడ దూకే అన్న మీ కేసుల ఉండడు.

పెద్దలారా, బ్యాచ్ ఇడిసిపెట్టుమనుడు అల్కనే. ఇడిసి యాడికి పోవాలె? తాళమేసిన ఇంటికా? ఈ కమిటీ హాలు ఏడాదిల పండుగ దినాలే తెరుస్తున్రు. దసరా నుంచి ఉగాది దాంక రోజూ మాపటిపూట తెరువుండ్రి. ఓ గంజెడు అన్నం, పప్పు. వండనీకె నేనొస్త. తాళంచెవి ఎవరి దగ్గరున్నది? ఇయ్యాల తీస్కొనే ఇంటికి పోత.