పుట్టినప్పుడు వినిపించని గుండె లోపం

సభలో ఉన్న ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, తల్లిదండ్రులకు నమస్కారం.

పుట్టే ప్రతి 1,000 మంది శిశువుల్లో 8 నుంచి 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. అలాంటి బిడ్డల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “పుట్టిన రోజున చూసి అంతా బాగుందన్నారు కదా, నెల తిరిగేసరికి ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?” చాలాసార్లు ఇందులో పరీక్షించిన వైద్యుని అశ్రద్ధ ఏమీ ఉండదు, లోపం మొదటినుంచీ ఉన్నా, అది బయటపడే వేళ అప్పటికి రాలేదు.

గర్భంలో ఊపిరితిత్తులకు పనిలేదు కనుక వాటి రక్తనాళాలు బిగుసుకొని ఉంటాయి. కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి వచ్చే రక్తంలో ఎక్కువ భాగం డక్టస్ అనే చిన్న నాళం గుండా బృహద్ధమనిలోకి, అంటే ఒంటికి రక్తం పంపే ప్రధాన ధమనిలోకి, మళ్లిపోతుంది. బిడ్డ ఏడవగానే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి గానీ, వాటిలోని రక్తపు ఒత్తిడి పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే రెండు జఠరికల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉన్నా, రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానంగా ఉన్నన్నాళ్లు దాని గుండా రక్తం పెద్దగా పారదు, స్టెతస్కోపుకు శబ్దమూ అందదు. రెండు నుంచి ఆరు వారాల మధ్య ఒత్తిడి పడిపోయాక రక్తం ఊపిరితిత్తుల్లోకి పోటెత్తుతుంది. అప్పుడు బిడ్డ పాలు తాగుతూ మధ్యమధ్య ఆగి ఆయాసపడుతుంది, నుదుట చెమట పడుతుంది, బరువు పెరగదు, న్యుమోనియా పదేపదే వస్తుంది. పాలు పట్టే తల్లి చెప్పే ఈ వివరాలు మా వైద్యులకు పరీక్షలతో సమానం. శబ్దం గట్టిగా ఉంటే రంధ్రం పెద్దదనుకోవడం కూడా పొరపాటే. చిన్న రంధ్రాలే తరచుగా గట్టిగా మోగుతాయి, వాటిలో చాలా వరకు వాటంతట అవే మూసుకుపోతాయి.

ఇందుకు విరుద్ధమైన పరిస్థితి మరింత ప్రమాదకరం. బృహద్ధమని ఇరుకుగా ఉన్న బిడ్డలు, రెండు ప్రధాన ధమనులు తారుమారైన బిడ్డలు డక్టస్ తెరిచి ఉన్నంతకాలం దాని ఆసరాతో నెట్టుకొస్తారు. రెండు మూడు రోజుల్లో అది మూసుకోగానే, ఒక్కోసారి ఇంటికి చేరాక, కుప్పకూలుతారు. ప్రోస్టాగ్లాండిన్ మందు ఆ నాళాన్ని తెరిచి ఉంచి శస్త్రచికిత్సకు వ్యవధినిస్తుంది. అయితే ముందు అనుమానం రావాలి. పుట్టిన 24 గంటల తరువాత కుడి చేతికి, ఒక పాదానికి, రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టాలని చెప్పేది అందుకే: రెండు చోట్లా కనీసం 95 శాతం ఉండి, తేడా 3 శాతానికి మించకపోతే సరే, 90 కన్నా తగ్గితే వెంటనే ఎకో (గుండె స్కాన్) చేయించాలి. బృహద్ధమని ఇరుకును ఈ పరికరం పట్టలేకపోవచ్చు కాబట్టి గజ్జల్లో నాడి అందుతోందో లేదో చేత్తో చూడవలసిందే.

కంటిని నమ్ముకోవడం చాలదు. రక్తహీనత ఉన్న బిడ్డలో ప్రాణవాయువు బాగా తగ్గినా నీలిరంగు కనబడకపోవచ్చు. చేతులూ పాదాలూ నీలంగా ఉండటం ఆరోగ్యవంతమైన పసికందుల్లోనూ మామూలే. నాలుకను చూడండి.

కారణాల విషయానికి వస్తే, గర్భం తొలినాళ్లలో రుబెల్లా, అదుపులో లేని మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు, మేనరికం ముప్పును పెంచుతాయి; అత్యధిక సందర్భాల్లో మాత్రం కారణం తేలదు. గ్రహణం వేళ బయట తిరిగావని కోడలిని నిందించే ఇళ్లలో ఈ మాట మీరే చెప్పాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాల్లో ఇదీ ఉంది. అనుమానం ఉన్న బిడ్డను ఆ బృందం ద్వారా జిల్లా కేంద్రానికి పంపవచ్చు. “కాస్త పెద్దయ్యాక చూద్దాం” అన్న సలహా అన్ని రంధ్రాలకూ వర్తించదు. జఠరికల మధ్య పెద్ద రంధ్రాన్ని సాధారణంగా మొదటి ఏడాదిలోనే మూయాలి. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, రక్తం ఎదురు తిరిగి కుడి నుంచి ఎడమకు పారుతుంది. ఆ దశలో రంధ్రాన్ని మూస్తే బిడ్డకు మేలు కన్నా కీడే ఎక్కువ.