వి-క్రాస్‌కి 17 అంగుళాల చక్రాలు: కొనేముందు టేపు, బిగించాక సుద్దముక్క

నమస్తే అండీ. నా వెనక కనిపిస్తున్న బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 2016 మోడల్, ఫోర్ బై ఫోర్. మన తిరుపతికి దగ్గర్లోనే, శ్రీసిటీలో తయారైన బండి. దీని ఓనరుకి మామిడితోటలున్నాయి. పొద్దున్నే వచ్చి "అన్నా, 18 అంగుళాల చక్రాలు వేసేయ్, బండి ఎత్తుగా కనపడాల" అన్నాడు. రెండు టీలు తాగి మాట్లాడుకున్నాక 17 దగ్గర ఆగాం. ఎందుకు ఆగామో ముందు చెప్తా. జాకీ తర్వాత.

కెమెరా టైరు దగ్గరికి పట్టు తమ్ముడూ. ఇదిగో, 245/70 R16. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం టైరు గోడ ఎత్తు. లెక్కేస్తే 171న్నర వస్తుంది. 16 అంటే డిస్కు, అదే టైరు ఎక్కే లోహపు చక్రం, దాని వ్యాసం అంగుళాల్లో. పైన గోడ, కింద గోడ, మధ్యలో డిస్కు, మూడూ కలిపితే చక్రం ఎత్తు 749 మిల్లీమీటర్లు.

ఇప్పుడు 18 సంగతి. ఇదే బండి పై మోడల్‌కి తర్వాత కంపెనీయే 255/60 R18 ఇచ్చింది. దాని ఎత్తు 763. డిస్కు రెండంగుళాలు పెరిగినా చక్రం పెరిగింది 14 మిల్లీమీటర్లే! మిగతాదంతా గోడలోంచే పోయింది. గోడ 153కి దిగింది. తారురోడ్డు మీద తిరిగేవాళ్ళకి అది బాగానే ఉంటుంది. తోటల్లో రాళ్ళబాట మీద తిరిగేవాడికి ఆ గోడే కదండీ దిండు. అది పలచబడితే గుంతలో పడినప్పుడు దెబ్బ నేరుగా డిస్కుకే.

అందుకని 265/65 R17 తీసుకున్నాం. గోడ 172, అంటే పాతదానంతే. చక్రం ఎత్తు 776. పైగా ఇది ఫార్చ్యూనర్‌లో వచ్చే సైజు, ఏ ఊరి టైర్ల షాపులో అడిగినా దొరుకుతుంది. దారిలో టైరు చిరిగినప్పుడు ఈ సంగతి విలువ తెలుస్తుంది.

ఇక్కడ ఒక భ్రమ తీసేయాలి. చక్రం 27 మిల్లీమీటర్లు పెరిగిందంటే బండి 27 లేవదు. నేలకీ ఇరుసుకీ మధ్య పెరిగేది అందులో సగం, 13 చిల్లర. అర అంగుళం! దానికోసం ఇంత ఖర్చా అంటే, అవునండీ, మిగతాదంతా అందమే.

చక్రం దాదాపు మూడున్నర శాతం పెద్దదైంది కాబట్టి మీటరు మునుపటికంటే అంత తక్కువ చూపిస్తుంది. ఇదివరకు 83 చూపించే వేగానికి ఇప్పుడు 80 అంటుంది. కిలోమీటర్లూ అంతే, తక్కువ పడతాయి. "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అని వచ్చేవాళ్ళలో కొందరికి నిజంగా కొంత పడిపోతుంది, కొంత మాత్రం ఈ లెక్క తేడానే. పికప్ కూడా కాస్త మందగిస్తుంది, చక్రం బరువైంది కదా. బ్రేకు కూడా కొంచెం ముందుగానే తొక్కడం అలవాటు చేసుకోండి.

డిస్కుల దగ్గరికొద్దాం. వి-క్రాస్‌కి ఆరు నట్లు, పీసీడీ, అంటే ఆ నట్ల నడిమధ్యల మీదుగా గీసిన వలయం వ్యాసం, 139.7 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్‌కీ, హైలక్స్‌కీ అదే కొలత. అందుకే చాలామంది సెకండ్‌హ్యాండ్ ఫార్చ్యూనర్ అలాయ్‌లు కొనుక్కొచ్చి "అన్నా, సరిగ్గా కూర్చుంటున్నాయి" అంటారు. కూర్చుంటాయి. కానీ మధ్య రంధ్రం చూడండి, వీటికి పెద్దది, 106 మిల్లీమీటర్లు. మన హబ్, అంటే బండికి డిస్కు కూర్చునే గుండ్రటి భాగం, అంతకంటే చిన్నది. ఆ సందు పూడ్చకపోతే చక్రం నడిమధ్యలో కూర్చోదు, స్టీరింగ్ వణుకుతుంది, మీరు బ్యాలెన్సింగ్ షాపువాణ్ణి తిట్టుకుంటారు. కొలతకి సరిపడే హబ్ రింగులు వేయాలి.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టయోటా కంపెనీ అలాయ్‌లకి నట్టు కూర్చునే చోటు చదునుగా ఉంటుంది, వాషరున్న నట్లు వాడాలి. బయట దొరికే చాలా అలాయ్‌లకి కోన్ నట్లు. ఒకదాని నట్టు ఇంకోదానికి బిగిస్తే బిగినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి వదులవుతుంది. డిస్కు కొనేటప్పుడే నట్లు కూడా దానివే తీసుకోండి.

ఆఫ్‌సెట్ అంటే డిస్కు వెడల్పు నడిమధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ కొలత. డిస్కు వెనక రాసి ఉంటుంది, ఈటీ అని. ఉదాహరణకి వెడల్పు మారకుండా ఆఫ్‌సెట్ 30 నుంచి సున్నాకి తెస్తే చక్రం 30 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. చూడ్డానికి బాడీబిల్డర్‌లా ఉంటుంది. ఆ భారం మోసేది వీల్ బేరింగు. పైగా స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పెద్ద వలయం కొట్టి ఫెండర్ అంచుకి తగులుతుంది. కంపెనీ నంబరుకి దగ్గర్లోనే ఉండండి. చక్రాన్ని బయటికి జరపడానికి హబ్‌కీ డిస్కుకీ మధ్య పెట్టే స్పేసర్లు నేను వేయను, అడగొద్దు.

టైరు మీద లోడ్ ఇండెక్స్ ఉంటుంది. 111 అంటే ఒక్కో టైరు 1090 కిలోలు మోస్తుంది. పాత టైరు మీద ఎంతుందో దానికి తగ్గకూడదు. పికప్ కదా, వెనక పెట్టెలెక్కుతాయి.

సరే, పని మొదలు. చదునైన చోట హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేయండి. తర్వాతే జాకీ. చాసిస్ కింద స్టాండు పెట్టకుండా చెయ్యి లోపల పెట్టొద్దు. పాత చక్రం తీశాక హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రంగా గీకండి, తుప్పు ఉంటే డిస్కు ఒరిగి కూర్చుంటుంది. రింగు వేసి, చక్రం ఎక్కించి, నట్లు ముందు చేత్తోనే తిప్పండి. బిగించేటప్పుడు ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది. చివరికి టార్క్ రెంచ్, అంటే బిగువు కొలిచే స్పానర్, మాన్యువల్లో ఇచ్చిన లెక్కకి. స్పానర్ మీద ఎక్కి నిలబడి తొక్కడం ఒద్దండీ, స్టడ్ సాగుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మూడేళ్ళ కింద నేనే ఇది చెయ్యకుండా ఒక బండిని పంపించేశా. ఇంకా పెద్ద టైర్లు దానికి. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఎక్కడా తగలట్లేదు. ఓనరు ఇంటికెళ్ళి ఫుల్ కట్ కొట్టి రివర్స్ చేశాడు, లోపలి ప్లాస్టిక్ లైనర్ చిరిగి చేతికొచ్చింది. డబ్బులు నేనే కట్టుకున్నా.

అందుకే ఈ సుద్దముక్క. ముందు టైర్ల భుజాలకి, లోపలా బయటా, బాగా పూయండి. ఒక చక్రాన్ని చెక్కదిమ్మె మీదికి ఎక్కించండి, స్ప్రింగు అణగాలి. స్టీరింగ్ ఎడమకి ఫుల్ కట్, ముందుకి, వెనక్కి. కుడికి మళ్ళీ అంతే. ఇప్పుడు టార్చి వేసి చూడండి, తెల్లటి మరక ఎక్కడ పడితే అక్కడ తగిలినట్టు. ఇటు తిప్పు తమ్ముడూ... కనపడిందా? ఎడమవైపు మడ్‌ఫ్లాప్ లోపలి అంచు. వేలెడంత. ఫ్లాప్‌ని కాస్త వెనక్కి జరిపి బిగిస్తే సరిపోతుంది. పైన సస్పెన్షన్ ఆర్మ్ దగ్గర మరక లేదు. అక్కడ తగిలితే మాత్రం కత్తిరించి సర్దేది కాదు, చక్రమే తప్పు. వెనక కమాన్లకి లోడు వేసి కూడా ఒకసారి చూడాలి.

ఫోర్ బై ఫోర్ ఓనర్లూ, ముందు రెండు పెద్దవి, వెనక రెండు పాతవి అనే పొదుపు పనికిరాదు. ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే గేరు, వేసినప్పుడు ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాలి, సైజు తేడా ఉంటే గేర్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. స్టెప్నీ కూడా మార్చాలి, అంటే ఐదు. కొత్త స్టెప్నీ బండి కింద గొలుసుకి ఎక్కుతుందో లేదో ముందే టేపుతో కొలవండి.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఫెండర్ దాటి బయటికి రాకుండా చూసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ముందే చెప్పండి.

ఇక అలైన్‌మెంట్‌కి పంపిస్తున్నా. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించడానికి రమ్మన్నా. రేపు సాయంత్రం తోట నుంచి నేరుగా వస్తానన్నాడు, మామిడికాయలు తెస్తానని కూడా అన్నాడు. తమ్ముడూ, టార్క్ రెంచ్ బయటే ఉంచు.