కాటా చూపించని కొవ్వు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులు పక్కనపెట్టి వచ్చారు, సంతోషం. ఊబకాయం గురించి మాట్లాడమని గ్రంథాలయం వాళ్లు అడిగినప్పుడు, లావుగా ఉన్నవాళ్లే వస్తారేమో అనుకున్నాను. చూస్తే మీలో సగం మంది సన్నగానే ఉన్నారు. మంచిదైంది. నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది మీతోనే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. బట్టల కొట్లో పనిచేసే ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. నలభై లోపు వయసు, 56 కిలోల బరువు. "నీరసంగా ఉంటోందండీ, సాయంత్రానికి కాళ్లు లాగేస్తున్నాయి" అన్నాడు. మనిషి బక్కపల్చగా ఉన్నాడు కదా, తిండి చాలడం లేదనుకున్నాను. బలానికి మాత్రలు రాసి, వేళకి తినమని చెప్పి పంపించేశాను. షుగర్ పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాలేదు. రెండేళ్లకి మళ్లీ వచ్చాడు, కాలి బొటనవేలి మీద మానని పుండుతో. చెప్పు కరిచిన చోట మొదలైందట. ఆ రోజు షుగర్ 340. చివరికి వేలు తీసేయాల్సి వచ్చింది.

ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టినప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉన్నాయి. బొడ్డు చుట్టూ మాత్రం బోర్లించిన చిన్న కుండలా పొట్ట. రెండేళ్ల కిందట కూడా ఆ పొట్ట ఉండే ఉంటుంది. నేను చొక్కా ఎత్తి చూడలేదు, అంతే. ఆ తప్పు నాది. ఈ విషయం చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరూ సన్నగానే ఉంటారు. బరువుని ఎత్తుతో లెక్కగట్టి చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ యంత్రంతో ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! కాటాకి ఎముక, కండ, కొవ్వు అన్నీ ఒకటే. తూకం చెబుతుంది తప్ప ఆ తూకం దేనిదో చెప్పదు.

ఈ తేడా ఎప్పుడు మొదలవుతుంది? యాజ్ఞిక్ గారి బృందం 1993 నుంచి పుణె దగ్గరి పల్లెల్లో గర్భిణులనీ, వాళ్లకి పుట్టిన పిల్లలనీ గమనిస్తూ వచ్చింది. అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లల సగటు 3.5 కిలోలు. మన బిడ్డకి కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. కానీ వీపు మీద చర్మం పట్టుకుని కొలిస్తే, కొవ్వు మాత్రం మిగతావాటంతగా తగ్గలేదు. అంటే పుట్టీ పుట్టగానే, చూడ్డానికి పిడికెడంత ఉన్న బిడ్డలోనే, కండకీ కొవ్వుకీ లెక్క తేడాగా ఉంది. ఇది చదివినప్పుడు నాకు ఆ బట్టల కొట్టు మనిషే గుర్తొచ్చాడు.

ఇంతకీ కొవ్వు శత్రువా? కాదు. ఇక్కడ ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి. చర్మం కింద ఉండే కొవ్వు మన గాదె లాంటిది. మిగిలిన శక్తిని అందులో దాచుకుంటాం. పుట్టుకతోనే ఆ గాదె దాదాపు లేనివాళ్లు కొందరుంటారు, చాలా అరుదుగా. చర్మం కింద కొవ్వే లేదు కాబట్టి వాళ్లకి షుగర్ రాకూడదు కదా? కానీ చిన్న వయసులోనే తీవ్రంగా వస్తుంది. గాదె లేని ఇంట్లో ధాన్యం ఎక్కడ పోస్తారు? వసారాలో, వంటింట్లో, నడిచే దారిలో. వాళ్ల ఒంట్లో కొవ్వు కూడా అలాగే లివర్‌లోకి, కండల్లోకి చేరుతుంది. దక్షిణాసియా వాళ్లకి ఆ గాదె కొంచెం చిన్నదనీ, అందుకే త్వరగా నిండి పొర్లుతుందనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మన జనంలో నేను చూస్తున్నదానికి అది సరిపోతోంది.

లివర్‌లో కొవ్వు చేరితే ఏమవుతుంది? రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు మెదడు ఆగకూడదు కాబట్టి లివర్ కొద్దికొద్దిగా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఇక చాలు అని చెప్పేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్ ఆ మాట సరిగ్గా వినదు. రాత్రంతా వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండే పుల్కాలు తిన్నానండీ, పొద్దున పరగడుపున 140 ఎలా వచ్చింది?" అని అడుగుతారే, దానికి చాలాసార్లు జవాబు ఇదే. అది రాత్రి తిన్న పుల్కాల చక్కెర కాదు, మీ లివర్ వదిలిన చక్కెర. మాట వినిపించడానికి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పోస్తుంది. కొన్నేళ్లు అలా లాక్కొస్తుంది. ఆ కొన్నేళ్లూ రిపోర్టులో షుగర్ నార్మల్ అనే ఉంటుంది. చివరికి క్లోమం అలిసిపోతుంది, అప్పుడు బయటపడుతుంది.

అందుకే స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అని వస్తే "ఈ రోజుల్లో అందరికీ ఉంటుందిలే" అని కాగితం మడిచి బీరువాలో పెట్టకండి. అందరికీ ఉంటే అది తేలిక విషయం అయిపోదు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతం. పొట్ట కొలిచి చూస్తే 39.5 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. కాటా ఎక్కి "నాకేం లేదు" అనుకుని దిగిపోతున్నవాళ్లు అక్కడున్నారు.

ఇప్పుడు మన దగ్గర జరిగిన ఒక పరిశోధన. దీని గురించి మనవాళ్లకే సరిగ్గా తెలియదు, అది నాకు బాధ. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఇది జరిగింది. అంగన్‌వాడీ పథకం అప్పటికి కొన్ని ఊళ్లకి వచ్చింది, కొన్నింటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకి, బాలింతలకి రోజుకి సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకి 300 కేలరీలు అదనంగా అందే తిండి పెట్టారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక పరిశోధకులు ఆ ఊళ్లకి మళ్లీ వెళ్లారు. వెయ్యిమందికి పైగా పిల్లలని వెతికి పట్టుకుని పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రచురించారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలు కాస్త మెత్తగా, సాగేలా ఉన్నాయి. ఇన్సులిన్ మాట వినకపోవడం అన్నానే, అది వాళ్లలో 20 శాతం తక్కువ. ఒంట్లో కొవ్వు మాత్రం రెండు రకాల ఊళ్లలోనూ ఇంచుమించు ఒకటే.

ఆలోచించండి. ఒక తల్లి గిన్నెలో పోయించుకెళ్లిన తిండి, పదిహేనేళ్ల తర్వాత కొడుకు రక్తనాళంలో కనిపించింది. అంగన్‌వాడీ టీచర్లు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అమ్మా, మీరు పెట్టే గుడ్డునీ, పప్పునీ నేను షుగర్ జబ్బుకి మందు అనే అంటాను. గర్భిణికి ఆఖర్న మిగిలింది పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ల పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

మరి ఇప్పటికే షుగర్ వచ్చినవాళ్ల సంగతేంటి? ఇంగ్లండులో న్యూకాసిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్ బృందం 2011లో 11 మంది షుగర్ రోగులకి చాలా తక్కువ కేలరీల తిండి పెట్టి చూసింది. వారం తిరిగేసరికి లివర్ కొవ్వు 30 శాతం తగ్గింది, పరగడుపు షుగర్ నార్మల్‌కి వచ్చింది. ఒక్క వారంలో! తర్వాత 2017లో పెద్ద అధ్యయనం వచ్చింది. అందులో బరువు తగ్గించే పద్ధతి పాటించినవాళ్లలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. అవి షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్ల లెక్కలు, అది గుర్తుంచుకోండి.

"వాళ్లు లావుపాటి తెల్లవాళ్లు, మాకేంటి?" అంటారేమో. అదే బృందం సన్నగా ఉండి షుగర్ వచ్చిన 20 మందిని కూడా తీసుకుంది. ఒంటి బరువులో దాదాపు పదో వంతు తగ్గేసరికి వాళ్లలో 14 మందికి షుగర్ అదుపులోకి వచ్చి, మందులు అక్కర్లేకపోయాయి. సన్నటి మనిషిని ఇంకా తగ్గమనడం వినడానికి వింతగానే ఉంటుంది. వాళ్లలో తగ్గాల్సింది లోపలి కొవ్వు. అయితే ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు సొంతంగా తిండి మానేయకండి. షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరుకి చెప్పి, మోతాదు మార్పించుకునే మొదలుపెట్టాలి.

అన్నం మానేయాలా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కర్లేదు. మనం తినే శక్తిలో అరవై శాతానికి పైగా అన్నం, గోధుమలు, చక్కెర లాంటివాటి నుంచే వస్తోంది, అదీ చిక్కు. రెండోసారి పెట్టించుకునే అన్నం బదులు పప్పో, కూరో, గుడ్డో రెండోసారి పెట్టించుకోండి. కండ పెంచే పని ఏదో ఒకటి చెయ్యండి. తిన్న గ్లూకోజ్‌ని ఎక్కువగా వాడుకునేది కండే, మనకి పుట్టుకతోనే తక్కువైంది కూడా అదే.

ఇక కొలత. మనవాళ్లకి బీఎంఐ 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. చాలామంది మగవాళ్లు "నా ప్యాంటు సైజు 32 అండీ" అంటారు. ప్యాంటు పొట్ట కింద కడుతున్నారు, పొట్ట మీద కాదు. కొలవాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన.

ప్రశ్నలుంటే అడగండి, కూర్చుంటాను. టైలర్ టేపులు రెండు తెచ్చాను, ఈ బల్ల మీద ఉన్నాయి. ఆడవాళ్లకి కొలవడానికి మా నర్సమ్మ ఆ పక్క గదిలో ఉంది. చొక్కా కాస్త పైకెత్తి, పొట్ట లోపలికి బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలి నిలబడండి. సన్నగా ఉన్నవాళ్లు ముందు రండి.