తలుపు మధ్యలో ఎందుకు లేదు? 1719 నాటి హాన్స్ హెర్ ఇల్లు

[దృశ్యం: ఇంటి ముఖభాగం, ఇసుకరాతి గోడలు, ఏటవాలు కప్పు]

ఈ ఇంటికి ఎదురుగా నిలబడి చూడండి. తలుపు మధ్యలో లేదు. చిన్న చిన్న కిటికీలు, అవీ రెండు పక్కలా సమానంగా లేవు. మేస్త్రీ లెక్క తప్పాడేమో అనిపిస్తుంది. తప్పలేదు. లోపలున్న పొయ్యిని బట్టి గదులు, గదుల్ని బట్టి తలుపులూ కిటికీలూ పెట్టారు.

ఇది అమెరికాలోని పెన్సిల్వేనియా, లాంకాస్టర్ కౌంటీ. అక్కడ నిలిచి ఉన్న ఇళ్లలో ఇదే పాతది. అప్పటికి పెన్సిల్వేనియా బ్రిటిష్ వలస. మతం పేరిట వేధింపులు పడలేక స్విట్జర్లాండ్ వదిలి, జర్మన్ ప్రాంతాల మీదుగా వచ్చిన మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు 1710లో ఇక్కడ స్థిరపడ్డారు.

[క్లోజప్: ద్వారం పైరాయి]

రాతి మీద 1719 అని చెక్కారు, దాంతోపాటు క్రిస్టియన్ హెర్ పేరులోని అక్షరాలు. కట్టించింది కొడుకు. ఇంటికి పేరు మాత్రం నాన్నది!

లోపలికి అడుగు పెడితే వసారా లేదు, హాలు లేదు, నేరుగా వంటిల్లే. పొయ్యి గోడకి అవతల ష్టూబె, అంటే అందరూ కూర్చునే గది. దాన్ని ఆనుకుని కామర్ అనే పడకగది.

[క్లోజప్: ఇనప పెట్టె]

ష్టూబె గోడకి ఆనించి ఉన్న ఈ పెట్టె చూడండి. ఐదు పోత ఇనుము పలకలు బిగించి చేసిన స్టవ్ ఇది. కట్టెలు పెట్టడానికి ఇటువైపు తలుపు లేదు, పొగగొట్టమూ లేదు. దీని వెనక వైపు మాత్రం తెరిచి ఉంటుంది, గోడకున్న కంతలోంచి వంటింటి పొయ్యిలోకి. అటు నుంచి నిప్పులు తోస్తారు. పొగ అదే దారిన వెనక్కి పోయి వంటింటి చిమ్నీ ఎక్కుతుంది. కూర్చున్నవాళ్లకి వేడి, వండేవాళ్లకి పొగ! ప్రార్థనలకి కూడా జనం ఈ ఇంట్లోనే చేరేవాళ్లు.

[దృశ్యం: అటక]

కప్పు కింద అటకలు ధాన్యానికి. అంత వాలుంటే మంచు నిలవదు.

1970ల మొదట్లో పాత రూపానికి తెచ్చి, 1974లో మ్యూజియం చేశారు. రాతి గోడల ముందు ఫొటోలు తర్వాత దిగొచ్చు, నన్నడిగితే ముందు ఆ స్టవ్ దగ్గరికే వెళ్లండి.

[దృశ్యం: లాంగ్‌హౌస్]

ఇదే ఆవరణలో 2013లో ఆదివాసుల పద్ధతిలో ఒక లాంగ్‌హౌస్, అంటే పొడవాటి ఉమ్మడి ఇల్లు, కట్టారు. నిజానికి ఈ నేల వాళ్లది. ఈ చుట్టుపక్కలే ఉన్న కానెస్టోగా తెగలో 20 మందిని 1763 డిసెంబరులో వలసదారుల గుంపు చంపేసింది. లాంగ్‌హౌస్‌లో మంట నడిమధ్యన, పొగకి దారి కప్పులో. అదీ చూడకుండా రాకండి.